అత్తమ్మ చూడని అరుంధతి

మా పెళ్ళి పట్టపగలు జరిగింది. ముహూర్తం అలా కుదిరింది మరి. తలంబ్రాలయ్యాక పంతులుగారు మమ్మల్ని పందిట్లోంచి ఎండలోకి నడిపించి, ఉత్తరం దిక్కుగా వేలు చూపించి, "అదిగోనమ్మా అరుంధతి, కనబడిందా?" అని అడిగారు. నేను అప్పటికే బడిలో సైన్సు చెబుతున్నదాన్ని. పైగా నాకు నోరు ఆగదు. "ఇంత ఎండలో ఎట్లా కనపడ్తదండీ?" అనేశాను. పందిరంతా గొల్లున నవ్వింది. పంతులుగారి ముఖం మాడిపోయింది. అప్పుడు మా అత్తమ్మ వెనకనుంచి వచ్చి నా మోచేతి మీద చిన్నగా గిల్లి, "కనబడ్డాదని సెప్పీయే తల్లీ, మేమందరం అలాగే సెప్పినాం" అంది. చెప్పేశాను. పెళ్ళి ముందుకు సాగింది.

నాది కొంటా దగ్గర మరైగూడ. మా ఇంట్లో "ఏంది" అంటారు. అత్తవారిది విశాఖపట్నం వైపు, వాళ్ళు "ఏటి" అంటారు. మామయ్య రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా ఈ లైను వెంట వచ్చి కిరందుల్‌లో ఉండిపోయారు. ఆయన కొడుకు, అంటే నా భర్త, కొండమీది గనిలో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో చేరాడు. నాకు టౌన్‌షిప్ బడిలో ఉద్యోగం. బజార్లో హిందీ, సంతలో కూరగాయల వాళ్ళతో ఇక్కడి హల్బీ భాష, ఇంట్లో రెండు రకాల తెలుగు. నేను "ఏంది అత్తమ్మా" అంటే ఆవిడ "ఏటే" అనేది. ఒకళ్ళ మాటను ఒకళ్ళం వెక్కిరించుకుంటూనే వంట చేసుకునేవాళ్ళం. మా పెళ్ళయిన కొన్నాళ్ళకే మామయ్య పోయారు.

అత్తమ్మ చీకటి పడకముందే వంట ముగించి, గిన్నెలు తోమించి, తన మంచం మీద కూర్చునేది. ఇక ఆ తర్వాత గడప దాటేది కాదు. భజన ఉందన్నా రాదు, పక్క క్వార్టర్‌లో పేరంటమన్నా రాదు. "మీ అత్తగారికి టెక్కు ఎక్కువ" అని కాలనీలో అనేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను. ఒక వానాకాలం సాయంత్రం కరెంటు పోయింది. వంటింట్లో ఏదో పడిన చప్పుడైతే సెల్‌ఫోన్ వెలుగు పట్టుకుని వెళ్ళాను. ఆవిడ గోడకు రెండు అరచేతులూ ఆనించి, కదలకుండా నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర మజ్జిగ గిన్నె బోర్లాపడి ఉంది. బయట ఇంకా మసక వెలుగు ఉంది. నాకు గిన్నె, మజ్జిగ, ఆవిడ పాదాలు అన్నీ కనిపిస్తున్నాయి. ఆవిడకు ఏదీ కనిపించడం లేదు.

"ఏంది అత్తమ్మా, ఏమైంది?"

"నాకు రేసీకటే. పుట్టినకాణ్ణించీ ఉన్నాది. ఎవలికీ సెప్పకే" అంది.

తర్వాత విశాఖపట్నం తీసుకెళ్ళి కంటి డాక్టరుకు చూపించాం. ఇది ఆకుకూరలు తింటే తగ్గే రేచీకటి కాదని, వంశంలో వచ్చేదని ఆయన చెప్పారు. రాత్రి చూపు ఎలాగూ లేదు, పగటి చూపు కూడా అంచులనుంచి కరుగుతూ వస్తుందట. ఒక గొట్టంలోంచి చూస్తున్నట్టు అవుతుంది, ఆ గొట్టం కూడా సన్నబడుతూ పోతుంది. ఎప్పటికి పూర్తిగా పోతుందో చెప్పలేనన్నారు. రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ ఆవిడ కిటికీ దగ్గరే కూర్చుంది. అరకు సొరంగాలు వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత వచ్చిన వేసవిలో ఒకరోజు చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అడిగింది. "అరుంధతి ఎలాగుంటాదే?"

అప్పుడు చెప్పింది అసలు సంగతి. ఆవిడ పుట్టాక ఒక్క నక్షత్రాన్ని కూడా చూడలేదు. చంద్రుడు కనబడతాడు. చుక్కలు మాత్రం ఎన్నడూ లేవు. పిల్లకు రేచీకటని తెలిస్తే పెళ్ళి కాదని వాళ్ళమ్మ ఇంటి గుట్టుగా దాచింది. పెళ్ళి రాత్రివేళ. పంతులు అరుంధతిని చూడమన్నాడు, చూశానంది. అందరూ లోపలికి తిరుగుతుంటే మామయ్య ఒక్క క్షణం ఆగి, "నాకు సరిగ్గా కనబడలేదు, నీకు నిజంగా కనబడిందా?" అని మెల్లగా అడిగారట. అదే ఆయన ఆవిడతో మాట్లాడిన మొదటి మాట. "కనబడ్డాది" అని చెప్పిందట.

"మీ మావతో నేను మాటాడిన తొలి మాటే అబద్ధం. తర్వాత ఆయనకి తెలిసిపోనాది, తెలీకుండా ఉంటాదేటి. అడిగి, తిట్టి ఉంటే బాగుణ్ణు. అడగనేలేదు. సీకటి పడితే సెయ్యి పట్టుకుని నడిపించీవోడు. ఇన్నేళ్ళొచ్చినా ఇంకా కొత్తజంటేనని కాలనీ అంతా నవ్వీది మమ్మల్ని. ఆయన కూడా నవ్వీసి ఊరుకునీవోడు." చేట పక్కన పెట్టింది. "కళ్ళు పోకముందు ఆ మాటొకటి నిజం సేసుకోవాలనుందే."

ఆవిడ ముందు ఏడవడం నాకిష్టం ఉండదు. అందుకని లేచి వెళ్ళి ఉత్త పుణ్యానికి నా భర్త మీద అరిచాను.

మా బడి ల్యాబ్ బీరువా పక్కన ఒక పెద్ద పెట్టె ఉండేది. ఏదో స్కీము కింద వచ్చిన కంప్యూటర్ టెలిస్కోప్. బకెట్టంత లావు గొట్టం, మూడు కాళ్ళ స్టాండు, చేతిలో పట్టుకునే రిమోట్. రిమోట్‌లో నక్షత్రం పేరు కొడితే గొట్టం తనంతట తానే తిరిగి అటు చూస్తుంది. అయితే ముందు దానికి తను ఎక్కడుందో, ఏ దిక్కుకు ఉందో మనం నేర్పాలి. మామూలుగా రాత్రిపూట రెండు మూడు నక్షత్రాలను చూపించి నేర్పుతారు. పాడవుతుందేమోనన్న భయంతో దాని జోలికి ఎవరూ పోలేదు. వేసవి సెలవులు కదా అని పెద్దసారును అడిగితే, "టెలిస్కోప్ బడి మేడ దాటి బయటికి వెళ్ళకూడదు, చీకటి పడ్డాక మేడ మీద ఉండకూడదు" అన్న రెండు షరతుల మీద ఒప్పుకున్నారు. రెండో షరతు ఆయన పెట్టింది కాదు. బడి గోడ అవతలే నక్సలైట్ల కోసం కాపు కాసే బలగాల క్యాంపు. రాత్రి డాబా మీద మూడు కాళ్ళ మీద నిలబెట్టిన లావాటి గొట్టాన్ని చూస్తే వాళ్ళు ఏమనుకుంటారో వేరే చెప్పనక్కర్లేదు. అత్తమ్మ కూడా చీకట్లో మెట్లెక్కి రాదు.

అంటే నాకు దొరికేది పగలు మాత్రమే. అరుంధతి ఎండలో ఎంత పెద్ద గొట్టానికీ కనబడేది కాదు, మరీ చిన్న చుక్క. కానీ సూర్యుడు దిగాక, ఆకాశం ఇంకా నీలంగా ఉండగానే, మామూలు కంటికి ఒక్క చుక్కా కనబడకముందే, గొట్టంలో అది బయటపడే వేళ ఒకటి ఉంటుంది. ఆ వేళకు అత్తమ్మకు మేడ, మెట్లు, నేను ఇంకా కనబడుతూనే ఉంటాం. ఆ కాస్త వ్యవధిలో గొట్టం సరిగ్గా అరుంధతి మీదే ఉండాలి. చుక్కలు వచ్చాక వెతుక్కుందామంటే కుదరదు, అప్పటికి అత్తమ్మ చూపు మూసుకుపోతుంది. కాబట్టి దాన్ని ముందే, ఎండలోనే సరిచేసి పెట్టాలి. మే నెలలో ఆ వేళకు సప్తర్షులు ఈశాన్యంలో పైకి వచ్చి ఉంటారు. మా కొండ పడమర దిక్కున ఉంది కాబట్టి అటు అడ్డేమీ లేదు. వానలు మొదలైతే మాత్రం ఇక మళ్ళీ వచ్చే ఏడే. వచ్చే ఏడు ఆ కళ్ళు ఎలా ఉంటాయో నేను ఆలోచించదలచుకోలేదు.

మొదట ఇంట్లోనే సోఫా మీద రిమోట్ పెట్టుకుని, పాత జీపు బ్యాటరీ తగిలించి, పుస్తకం చూస్తూ ఒక్కో ప్రశ్నకు జవాబు కొట్టాను. తేదీ అడిగింది. వాళ్ళ పద్ధతిలో నెల ముందు కొట్టాలి. టైము అడిగింది. ఊరేదని అడిగింది. ఇచ్చిన పేర్లలో కిరందుల్ ఎందుకుంటుంది? జగ్‌దల్‌పూర్ లేదు, రాయపూర్ కూడా లేదు. విశాఖపట్నం ఉంది. "ఊరేది కొట్టాలి?" అని నాలో నేనే గొణుక్కుంటుంటే, అత్తమ్మ మంచం మీంచే, "మనూరు ఉన్నాదా? మరింకేటి, అదే కొట్టీ" అంది. కొట్టేశాను.

ఇక ఎండలో మేడ మీద మొదలైంది నా తంటా. స్టాండు కాళ్ళు రసమట్టం పెట్టి సమం చేశాను. వాననీరు జారడానికి డాబాకు వాలు ఇస్తారు కదా, ఒక కాలు కింద అట్టముక్కలు పెట్టాల్సి వచ్చింది. ల్యాబ్‌లోంచి దిక్సూచి తెచ్చి ఉత్తరం పట్టుకుని, గొట్టాన్ని అటు తిప్పి, శుక్రుడి పేరు కొట్టాను. శుక్రుడు పగలు కూడా గొట్టంలో కనబడేంత ప్రకాశం ఉన్నవాడు. గొట్టం గుర్రున తిరిగి ఆగింది. ఖాళీ నీలం. మళ్ళీ చేశాను. మళ్ళీ ఖాళీ. దిక్సూచిని మేడ ఆ మూలకు తీసుకెళ్ళి చూస్తే ముల్లు ఒక దిక్కు, ఈ మూలకు తెస్తే ఇంకో దిక్కు. చెడిపోయిందనుకుని రెండోది తెచ్చాను. అదీ అంతే.

మధ్యాహ్నం భోజనం క్యారియర్ పట్టుకుని వచ్చిన నా భర్త మెట్ల మీదే నవ్వడం మొదలుపెట్టాడు. "ఇనప కొండ కింద కూకుని దిక్సూచిని నమ్మినావేటి టీచరమ్మా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే అతను అన్నది నిజం. ఎదురుగా కొండ, కొండ నిండా ఇనుము. ఆ ఇనుమును తవ్వుకుని వ్యాగన్ల కొద్దీ రైళ్ళకెక్కించి పంపుతూ బతుకుతున్నాం. నేను తరగతిలో ఏళ్ళ తరబడి "దిక్సూచి ఎప్పుడూ ఉత్తరాన్నే చూపిస్తుంది" అని వల్లె వేయించాను. పిల్లలెవరూ ఎదురు చెప్పలేదు, పరీక్షలో కూడా అలాగే రాశారు. ఆ రోజు అతనికి వడ్డించకుండానే తినేశాను.

మర్నాడు దిక్సూచిని ల్యాబ్‌లో పడేసి సూర్యుణ్ణే పట్టుకున్నాను. గొట్టం మూతికి సూర్యుడి ఫిల్టరు బిగించి, పక్కనుండే చిన్న దుర్బిణికి మూత వేశాను. అది మరిచిపోతే కన్ను పోతుంది. ఆ భయంతో మెట్ల తలుపుకు గొళ్ళెం పెట్టుకుని మరీ చేశాను. సూర్యుణ్ణి వెతకడానికి కన్ను పెట్టనక్కర్లేదు. గొట్టం నీడను నేల మీద చూస్తూ తిప్పాలి. నీడ పొడవు తగ్గి తగ్గి గుండ్రంగా అయిన చోట గొట్టం సూర్యుడి ఎదురుగా ఉన్నట్టు. అప్పుడు ఫిల్టరులోంచి చూస్తే నారింజ రంగు బిళ్ళలా వచ్చి నిలబడ్డాడు. అంచు పదునుగా కనబడేదాకా ఫోకస్ తిప్పాను. పగటి ఆకాశంలో ఫోకస్ కాస్త చెడినా శుక్రుడు ఆ నీలంలో కలిసిపోతాడు. సూర్యుణ్ణి మధ్యకు తెచ్చి రిమోట్ మీద "ఇదే సూర్యుడు" అని ఒప్పించి, శుక్రుడి పేరు కొట్టాను. గొట్టం ఆగాక ఫిల్టరు తీసి చూశాను. మధ్యలో లేడు. ఒక అంచున, కనీకనబడనట్టు, తెల్లటి సగం బిళ్ళ. నేను డాబా మీద ఎగిరి గంతేశాను. క్యాంపు బురుజు మీది జవాను తల తిప్పి చూశాడు.

అంచున ఉంటే ఏం, మధ్యకు జరుపుకుంటే పోలేదా అనుకున్నాను. అక్కడే ఆగి ఆలోచించాల్సింది.

అత్తమ్మను తీసుకొచ్చి ముందు శుక్రుణ్ణి చూపించాను. "ఇది సిన్న సెందురుడే గదే. ఇది సుక్క కాదు" అని తేల్చేసింది. ఆ మాట పట్టుకుని నా భర్త నన్ను పక్కకు పిలిచి, "ఇంత కష్టం ఎందుకు? ఏదో ఒకటి సూపించి అదే అరుంధతి అనీయ్. అమ్మ సంతోషిస్తాది, నీకు తలనొప్పి వదుల్తాది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. తల్లి అంటే అతనికి ప్రాణం. కానీ నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. ఆవిడ ఒక అబద్ధాన్ని దులుపుకోవాలని చూస్తుంటే, మీరు ఇంకోటి కట్టబెడతారా అని కడిగేశాను. అతనికి పెళ్ళినాటి సంగతి తెలియదు. చెప్పడం నా పని కాదు కాబట్టి నేనూ చెప్పలేదు. ఎందుకు తిట్లు పడ్డాయో అర్థం కాక, పాపం, బ్యాటరీ మోసుకొచ్చి ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం ఆకాశం శుభ్రంగా ఉంది. సూర్యుడు కొండ వెనక్కి దిగాడు. వశిష్ఠుడి పేరు కొట్టాను, ఆయన పక్కదే కదా అరుంధతి. గొట్టం చుట్టూ తిరిగి ఈశాన్యానికి వెళ్ళి నిలిచింది. నీలం మెల్లగా ముదురుతోంది. అత్తమ్మ కుర్చీలో కూర్చుని కన్ను పెట్టింది. నేను పక్కన నిలబడ్డాను.

చాలాసేపటికి, "కనబడ్డాదే" అంది.

"నిజంగానా! ఎట్లుంది?"

"తెల్లగా, మెరస్తా ఉన్నాది. పెద్దదొకటి, పక్కన సిన్నదొకటి. జంటగా."

నేను ఆవిడను పక్కకు జరిపి కన్ను పెట్టాను. ఏమీ లేదు. ముదురు నీలం. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఒక్క చుక్క లేదు. తలెత్తి ఆవిడ ముఖం చూశాను. ఆవిడ నవ్వుతోంది. నా కష్టం వృథా కాలేదని నాకు నమ్మకం కలిగించడానికి నవ్వుతున్న నవ్వు అది. నాకు కోపం వచ్చింది. ఆవిడ మీదా, మిషన్ మీదా, నా మీదా అని తేల్చుకోలేకపోయాను. కోపం పోయాక మిగిలింది ఒట్టి దుఃఖం. ఎవరినీ నొప్పించకుండా బతకడానికి ఆ ఒక్క మాట చెప్పి చెప్పి ఆవిడకు ఎంత అలవాటైపోయిందో అనిపించింది. "బాగుంది కదా అత్తమ్మా" అన్నాను. చెయ్యి పట్టుకుని కిందికి దింపాను.

ఆ సంగతి కాలనీలో ఎలా పాకిందో, మర్నాడు పాల బూత్ దగ్గర ఒకావిడ, "ఏంటి, అత్తగారికి పట్టపగలే చుక్కలు చూపిస్తున్నావట!" అంది. క్యూ అంతా నవ్వింది. నేనూ నవ్వేశాను.

కానీ ఎక్కడ తప్పిందో తేలక నాకు అన్నం సహించలేదు. సూర్యుడు సరిగ్గా వచ్చాడు. శుక్రుడు అంచున వచ్చాడు. ఆకాశానికి అటు చివర అరుంధతి అసలే రాలేదు. సూర్యుడికి దూరం వెళ్ళేకొద్దీ తప్పు పెరుగుతోందన్నమాట. అంటే నేను చూపించడంలో తప్పు లేదు, మిషన్‌కు నేను ముందే చెప్పిన దాంట్లో ఉంది. రిమోట్ ముందేసుకుని మొదటినుంచి ఒక్కో జవాబూ చదువుకుంటూ వచ్చాను. తేదీ సరే. టైము సరే. ఊరు: విశాఖపట్నం.

పాపం ఆ మిషన్! సముద్రం ఒడ్డున నిలబడి ఉన్నానని అది నమ్మింది. అక్కడినుంచి అరుంధతి ఎక్కడ ఉంటుందో అక్కడే చూసింది. మేమేమో ఇన్ని కొండలు దాటి ఇవతల ఉన్నాం. గొట్టంలో కనబడేది ఆకాశంలో చిటికెన వేలి గోరంత జాగా. ఆ కాస్త తేడాకే చుక్క ఎక్కడికో పోయింది. నేను పగలబడి నవ్వుతుంటే అత్తమ్మ వచ్చి "ఏటే?" అంది. చెప్పాను.

ఆవిడ నవ్వలేదు. కాసేపు మంచం పట్టె మీద వేలితో రాసుకుంటూ కూర్చుంది. "మీ మావ ఈడే పోనాడు. నా కొడుకు ఈడే పుట్టినాడు. అక్కడ మాకిప్పుడు ఇల్లు లేదు, వాకిలి లేదు. ఐనా ఊరేదంటే నోటికదే వస్తాది" అంది. తర్వాత కాస్త గట్టిగా, "ఈ ఊరి పేరు కొట్టీ మరి" అంది. పేరు కొట్టడానికి లేదు, అక్షాంశం రేఖాంశం అంకెల్లో కొట్టాలి. ఫోన్‌లో చూసి నేనే చదువుకుంటూ ఒక్కో అంకె నొక్కేదాకా ఆవిడ పక్కనే నిలబడింది. అప్పుడు ఉండబట్టలేక అడిగాను. "నిన్న మీకేం కనపడలేదు కదా?"

"నీ మొకం సూసి అలాగన్నాను" అంది. "అంత పీక్కుపోయున్నాది."

తర్వాత వరసగా మబ్బులు. మధ్యాహ్నం దాకా ఎండ కాసి, సాయంత్రానికి కొండ మీదనుంచి నల్లగా దిగేవి. రోజూ పొద్దున సూర్యుణ్ణి పట్టుకోవడం, శుక్రుణ్ణి మధ్యకు తేవడం, సాయంత్రం గొట్టానికి టార్పాలిన్ కప్పుకుని దిగిరావడం. శుక్రుడు మాత్రం ఇప్పుడు వెతక్కుండానే నట్టనడుమ వచ్చి నిలబడుతున్నాడు. పైన గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడు మేడ అదిరి కాస్త కదిలేవాడు, మళ్ళీ సరిచేసేదాన్ని. బడి తెరిచే రోజు దగ్గరపడింది. నేను మబ్బుల్ని మా మరైగూడ తిట్లన్నీ తిట్టాను. మా అమ్మ వింటే నోటి మీద కొట్టేది.

చివరికి ఒక సాయంత్రం, వాన కురిసి వెలిసింది. ఎర్ర దుమ్మంతా అణిగిపోయి, ఆకాశం కడిగిన గాజులా ఉంది. ఆ వానకు ముందే, పొద్దున చేసిపెట్టిన అమరిక చెడిందేమోనని అనుమానం వచ్చింది. పడమట శుక్రుడి మీద పెట్టి చూశాను. నట్టనడుమ ఉన్నాడు. వశిష్ఠుడి పేరు కొట్టాను. గొట్టం తిరిగి ఆగింది. కన్ను పెట్టి కాచుకుని కూర్చున్నాను. నీలంలో ముందు ఒక సూది మొన మెరిసింది. కాసేపటికి దానికి ఎడంగా ఇంకొకటి. నేను చూసింది ఇంకొకటి కూడా ఉంది. దాని గురించి మాత్రం నోరు విప్పలేదు. కావాలనే విప్పలేదు. ఆవిడ నా ముఖం చూసి మాట్లాడే మనిషి కదా.

అత్తమ్మను కూర్చోబెట్టి, నేను వెనక్కి వెళ్ళి నిలబడ్డాను, నా ముఖం ఆవిడకు కనబడకుండా. డాబా మీద ఇంకా వెలుగు ఉంది. ఆవిడ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, కన్ను ఆనించింది. తల ఇటు జరిపింది, అటు జరిపింది. నిశ్చలంగా ఆగిపోయింది. నాకు అడగాలంటే భయం వేసింది.

"ఒలమ్మా" అంది ఆఖరికి. "మూడున్నాయేటే?"

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"జంట అన్నారు గదా అందరూ. ఎడంగా ఒకటున్నాది. ఇటు పెద్దది ఉన్నాది గదా, దాన్ని అంటుకుని ఇంకో సిన్నది ఉన్నాది. ఇందులో అరుంధతి ఏదే?"

"ఎడంగా ఉన్నది అత్తమ్మా."

"మరి ఆయన్ని అంటిపెట్టుకున్న ఇదెవర్తి?"

"తెల్వదు. గొట్టంలో చూస్తేనే కనపడ్తది, ఉత్త కంటికి కనపడదు."

"పంతుళ్ళు సెప్పరేటి మరి!" అని కన్ను తీయకుండానే నవ్వింది. ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. గొట్టానికి తగలకుండా మళ్ళీ తనే సర్దుకుంది. నేను ఏడుస్తున్నాను. ఇక దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఏ పుస్తకమూ చదవని ఆ మనిషి, ఎవరూ చెప్పని చుక్కను తన కంటితో చూసి నాకు చెబుతోంది. అంతకంటే నాకు కావలసింది ఏముంది?

"జరిగి పోతాయేటే?" అంది కంగారుగా.

"పోవు. అవి నడిచినకొద్దీ మోటారు గొట్టాన్ని వాటెంటే తిప్పుతది."

"ఎంతసేపు?"

"మీరు చూసినంతసేపు."

ఆవిడ కుర్చీ చేతుల మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చీకటి పడుతోంది. గేటు మూయాలి, దిగండి అని చెప్పడానికి బడి చౌకీదారు తాళాలగుత్తి పట్టుకుని మేడెక్కాడు. "మేడమ్, టైమ్ హో గయా" అన్నాడు. వేలు పెదాల మీద పెట్టి ఆగమన్నాను. ఇప్పుడు అత్తమ్మకు డాబా లేదు, నేను లేను, చౌకీదారు లేడు. గొట్టంలో ఉన్నది తప్ప ఏదీ లేదు. పెదాలు కదులుతున్నాయి. చాలా మెల్లగా ఏదో చెబుతోంది. మాటలు నాకు అందలేదు, మధ్యలో "అండీ" అన్నది మాత్రం వినబడింది. ఆవిడ నన్ను అండీ అనదు. నేను చౌకీదారును వెంటబెట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.